మా వీధిలో ఆ చివర నింటెండో, ఈ చివర సెగా

1995, 96 ప్రాంతంలో విశాఖపట్నంలో వీడియో గేమ్ అంటే చాలా ఇళ్ళల్లో ఒకటే. జపాన్‌లోని నింటెండో కంపెనీ మిషను ఫ్యామికామ్‌ని చూసి చేసిన నకలు మిషను, దానితో వచ్చే పసుపు రంగు క్యాసెట్టు. క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసుండేది. పెట్టి చూస్తే అవే కొన్ని ఆటలు పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. మారియో, కాంట్రా, డక్ హంట్ ఉంటే చాలు, వేసవి సెలవులు గడిచిపోయేవి. అవన్నీ 8 బిట్ ఆటలు. వాటి తర్వాతి తరం, ఇంకా బలమైన 16 బిట్ మిషను ఉన్న ఇల్లు మాత్రం వెతికినా దొరికేది కాదు. 1995లో షా వాలేస్ కంపెనీ సెగా వాళ్ళ 16 బిట్ మిషను మెగా డ్రైవ్‌ని మన దేశంలో అమ్మకానికి పెట్టినప్పుడు దాని ధర 18,000 రూపాయలు. బయటి నుంచి తెచ్చే మిషన్ల మీద దిగుమతి సుంకమే 80 శాతం ఉన్న కాలం. నెల జీతంతో ఇల్లు నడుపుకునే మాలాంటి వాళ్ళు అంత పోసి పిల్లలకి ఆటవస్తువు కొనడమన్నది ఊహకి కూడా అందని మాట.

కానీ మాది ఓడల ఊరు. మల్కాపురం, సింధియా, శ్రీహరిపురం వైపు ఏ వీధిలో చూసినా షిప్పు మీద పనిచేసేవాళ్ళ ఇల్లు ఒకటైనా కనిపించేది. "ఫలానా ఆయన షిప్పు దిగాడట" అని తెలిస్తే పిల్లలందరం ఆ ఇంటి చుట్టే తిరిగేవాళ్ళం. సింగపూర్ సెంటు సీసాలు, చాక్లెట్లు, టేప్ రికార్డర్లు, నైలాన్ చీరలు ఆ పెట్టెల్లోంచే బయటికొచ్చేవి. మా వీధికి 16 బిట్ ఆటలు వచ్చిందీ ఆ దారినే. షాపుల నుంచి కాదు, రేవు నుంచి.

మా పెదనాన్నగారు సరుకుల షిప్పులో ఇంజనీరు. ఒకసారి జపాన్‌లో కోబె రేవులో దిగినప్పుడు వాళ్ళబ్బాయి, మా అన్నయ్య కోసం నింటెండో 16 బిట్ మిషను సూపర్ ఫ్యామికామ్ కొన్నారు. అమెరికాలో దాన్నే సూపర్ నింటెండో అంటారు. ఆ తర్వాత ఎక్కువ రోజులు కాకుండానే మా పిన్ని వాళ్ళాయన, మేం బాబాయ్ అంటాం, సింగపూర్ నుంచి మాకు సెగా మెగా డ్రైవ్ తెచ్చారు. పెదనాన్నగారి ఇల్లు వీధికి ఆ చివర, మాది ఈ చివర. అక్కడ అన్నయ్య ఒక్కడే. ఇక్కడ నేనూ, తమ్ముడూ. ఆ రోజు నుంచి ఏ మిషనులో ఆటలు బాగుంటాయన్న గొడవ భోజనాల దగ్గర, డాబా మీద, స్కూలు రిక్షాలో, అమ్మమ్మ వాళ్ళూరు వెళ్ళే బస్సులో కూడా నడిచింది.

చూడ్డానికే రెండింటికీ పోలిక లేదు. మాది నల్లగా, మూత మీద పెద్ద అక్షరాలతో 16 బిట్ అని రాసి, చూడగానే గట్టి సరుకు అనిపించేది. రిమోట్‌కి మూడు బటన్లు, ఒక స్టార్ట్ బటను. అన్నయ్యది లేత బూడిద రంగు. రిమోట్ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం బటన్లు నాలుగు, పైన భుజాల దగ్గర మరో రెండు. ఆ పై బటన్లు చూపుడువేళ్ళ కింద టిక్కుమని నొక్కుకునేవి. ఆట లేకపోయినా ఆ చప్పుడు కోసం ఊరికే నొక్కుతూ కూర్చునేదాన్ని. దానికి జపాన్ కరెంటు కావాలి కాబట్టి పక్కన ఓ బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. మన 230 వోల్టుల్ని తగ్గించి ఇస్తూ సన్నగా హుమ్మని మోగేది. పెదనాన్నగారి టీవీ కూడా షిప్పులో వచ్చిందే, మల్టీ సిస్టమ్, అంటే వేరే దేశాల మిషన్లకి కూడా సరిపడేది. దాని సంగతి తర్వాత చెప్తాను, అది పెద్ద కథ.

వాదన ఎటూ తెగకపోయేసరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. రెండు చోట్లా ఉన్న ఆటని ఒకే రోజు రెండు ఇళ్ళల్లోనూ ఆడి చూడాలి. అందులో ముందుగా దొరికింది స్ట్రీట్ ఫైటర్ 2. సూపర్ ఫ్యామికామ్‌లో 1992లో వచ్చింది, మెగా డ్రైవ్‌కి 1993లో గానీ రాలేదు. ఆ ఆటకి ఆరు బటన్లు కావాలి, మూడు గుద్దులకి, మూడు తన్నులకి. అన్నయ్య రిమోట్‌కి సరిగ్గా ఆరూ ఉన్నాయి. మాకు మూడే. స్టార్ట్ నొక్కితే అవే బటన్లు గుద్దుల నుంచి తన్నులకి మారేవి. ఎదుటివాడు మీదికి దూకుతున్నప్పుడు స్టార్ట్ నొక్కి తన్నుకి మారి మళ్ళీ గుద్దుకి రావడమంటే మామూలు పని కాదు. సెగా వాళ్ళు ఆరు బటన్ల రిమోట్ విడిగా అమ్మారు, మాకు మాత్రం ఎవరూ తెచ్చిపెట్టలేదు. "ఏటే, ఇప్పుడైనా ఒప్పుకుంటావా?" అని అన్నయ్య అడిగాడు. ఒప్పుకున్నాను. ఈ ఒక్క ఆటలో వాళ్ళదే పైచేయి.

గుంపుల్ని కొట్టుకుంటూ పోయే ఆటల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారింది. అన్నయ్య దగ్గర ఫైనల్ ఫైట్ ఉండేది. డబ్బులేసి ఆడే పెద్ద మిషన్ల మీద ఆ ఆటకి బాగా పేరు. కానీ సూపర్ ఫ్యామికామ్‌లో పెట్టేసరికి ఇద్దరు కలిసి ఆడే వీలు తీసేశారు. ముగ్గురు హీరోల్లో గై అనేవాణ్ణి ఎత్తేశారు, ఒక స్టేజి కూడా లేదు. మా దగ్గర స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 2 ఉంది. నలుగురిలో ఎవర్నయినా తీసుకోవచ్చు, ఇద్దరూ కలిసి ఆడొచ్చు. నేను బ్లేజ్, తమ్ముడు చక్రాల బూట్లు వేసుకున్న స్కేట్. యూజో కోషిరో కట్టిన పాటలు వింటుంటే మా ముందుగది గోడలు అదిరేవి. వంటింట్లోంచి అమ్మ కూడా ఆ దరువుకి గరిటె ఆడించేది, అది మా కళ్ళారా చూశాం. ఆ ఆటలో మన పక్కనున్నవాడికి కూడా దెబ్బ తగులుతుంది. తమ్ముడు కావాలనే నన్నో గుద్దు గుద్దేవాడు. డబ్బా పగలగొడితే కాల్చిన కోడి దొరికేది, తింటే ప్రాణం నిండుతుంది. అదెవరు తినాలన్న దాని మీద ఆట ఆపి మరీ తగువుపడేవాళ్ళం. అన్నయ్య వచ్చి చూస్తూ కూర్చుని, కాసేపాగి "నాకూ ఒకసారి ఇవ్వండ్రా" అనేవాడు. ఇంట్లో ఒక్కడే ఉన్న పిల్లాడికి ఇద్దరాడే ఆట అంటే ఎంత ఆశో అప్పుడే నాకు తెలిసింది. వాడి దగ్గర మారియో కార్ట్ ఉందనుకోండి, అది మంచి ఆటే. అవతల కూర్చోడానికి మనిషి దొరకాలి కదా, అందుకు మమ్మల్ని పిలవాల్సిందే.

ఇక టీవీ సంగతి. 1994 చివర్లో డాంకీ కాంగ్ కొత్త ఆట వచ్చింది. ఇంగ్లండ్‌లోని రేర్ కంపెనీవాళ్ళు సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్ల మీద బొమ్మల్ని ముందే త్రీడీలో తయారుచేసి ఆ క్యాసెట్టులో ఇమిడ్చారు. ప్రపంచం మొత్తం మీద 90 లక్షలకి పైగా అమ్ముడైన ఆట. పెదనాన్నగారు దాన్ని తెచ్చినప్పుడు అన్నయ్య ఆనందం చెప్పలేను. "ఇది చూశాక నీ సెగా గురించి మాట్లాడకు" అంటూ, మా ఇంట్లోనే, మా టీవీలోనే రుజువు చేస్తానని మిషనునీ ట్రాన్స్‌ఫార్మర్‌నీ బియ్యం సంచిలో పెట్టుకుని మోసుకొచ్చాడు. వైర్లన్నీ కలిపి స్విచ్ వేశాడు. బొమ్మ వచ్చింది కానీ రంగు లేదు. పైగా కింద నుంచి పైకి పొర్లుతోంది. నాన్నగారు వచ్చి వెనకాల నాబ్ తిప్పితే పొర్లడం ఆగింది, రంగు మాత్రం రాలేదు. టీవీకి బొమ్మనీ రంగునీ పంపడంలో జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ అనే పద్ధతి, మన టీవీలది పాల్ అనే పద్ధతి. ఆ మాటలు మాకప్పుడు తెలియవు. డాంకీ కాంగ్ అడవి మొత్తం మా ఇంట్లో పాత దూరదర్శన్ సినిమాలాగా నలుపూ తెలుపుల్లో కనిపించింది.

అన్నయ్య మొహం చిన్నబోయింది. తమ్ముడు నవ్వబోతే నేనే ఆపాను. రంగు లేకుండా ఆ ఆట మీద తీర్పు చెప్పకూడదన్నాను. ముగ్గురం మళ్ళీ సంచి మోసుకుని వాళ్ళింటికెళ్ళి పెద్ద టీవీలో చూశాం. నీళ్ళ కింద స్టేజీ వచ్చినప్పుడు డేవిడ్ వైజ్ కట్టిన పాట మొదలైంది. ఆ స్టేజీ అయ్యేదాకా ముగ్గురిలో ఎవరమూ నోరు మెదపలేదు. అంత మెత్తటి సంగీతం సెగా నుంచి రాదు. ఎందుకు రాదో పెద్దయ్యాక చదివాను. సూపర్ ఫ్యామికామ్‌లో శబ్దం చిప్పు సోనీది, దాన్ని రూపొందించింది కెన్ కుతరాగి. తర్వాత ప్లేస్టేషన్ కట్టింది కూడా ఆయనే. అసలు వాయిద్యాల శబ్దాన్నే ముక్కలుగా దాచుకుని వాయిస్తుంది ఆ చిప్పు. మెగా డ్రైవ్‌లో ఉన్న యమహా చిప్పు శబ్దాన్ని అప్పటికప్పుడు తయారుచేస్తుంది, దాని బలం దరువులోనూ బేస్‌లోనూ ఉంది. అందుకే నీళ్ళ పాట అక్కడ, స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ పాట ఇక్కడ.

అన్నయ్య దగ్గరున్న ఆటల్లో నన్ను నిజంగా కట్టిపడేసింది జెల్డా. 1991లో వచ్చింది. వాన కురుస్తున్న రాత్రి మొదలవుతుంది. ఇంట్లో పెద్దాయన కత్తి పట్టుకుని వెళ్ళిపోతాడు, వెనకాలే కుర్రాడు బయల్దేరతాడు. అక్కడి నుంచి ఎవరు ఏం మాట్లాడినా జపనీసే. మాకు ఒక్క అక్షరం రాదు. వేరే ఎవరైనా అయితే ఆ క్యాసెట్టు పక్కన పడేసేవాళ్ళు. అన్నయ్య రూళ్ళ నోటుబుక్కు ఒకటి తీసి మ్యాపు గీయడం మొదలుపెట్టాడు. పేర్లన్నీ మేం పెట్టినవే. రాజుగారి కోట, మంత్రగత్తె కొట్టు, దొంగల అడవి, ముసలాడి కొండ. ఎవరైనా ఏదైనా అడిగి రెండు మాటలు చూపిస్తే పైది అవును, కిందది కాదు అని కనిపెట్టి, ఆ అక్షరాల ఆకారాలు పెన్సిల్‌తో దించుకున్నాడు.

కొండ మీద ఒకచోట అడుగుపెట్టగానే లోకం మారిపోయి, మనవాడు గులాబీ రంగు కుందేలైపోతాడు. కత్తి పట్టలేడు, ఏమీ చేయలేడు. ఎందుకయ్యాడో ఆటలో ఎవరో చెప్పే ఉంటారు, ఆ భాష మాకు రాదు కదా. అక్కడే చాలా రోజులు ఇరుక్కుపోయాం. కొండ కొసన గోపురంలో పెద్ద పెట్టె తెరిస్తే గోళీ లాంటిది దొరికింది. దాని తర్వాత చీకటి లోకంలోకి వెళ్ళినా కుందేలవ్వట్లేదు. "గోళీయే! గోళీ ఉంటే అవ్వడు!" అని అన్నయ్య అరిచిన అరుపుకి పెద్దమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నోటుబుక్కులో ఆ పేజీలో గోళీ బొమ్మ వేసి చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశాడు.

ఆ క్యాసెట్టులో ఆట దాచుకోవడానికి మూడు చోట్లుండేవి. లోపల చిన్న బ్యాటరీ ఉండి గుర్తుపెట్టుకునేది. మూడింటిలో ఒకటి అన్నయ్య నాకిచ్చాడు. సెగా పార్టీదాన్నని తెలిసీ ఇచ్చాడు. పేరు దగ్గర జపాన్ అక్షరాల్లో అందంగా ఉన్నది ఏదో ఎంచి పెట్టాడు. వాడు ఇంట్లో లేనప్పుడు వెళ్ళినా పెద్దమ్మ స్విచ్ వేసి కూర్చోబెట్టేది. ఆ చోటుని నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు.

మా వాదనల్లో ఈ దాచుకోవడం పెద్ద అంశమైంది, కారణం కరెంటు. వేసవిలో ఎప్పుడు పోతుందో తెలియదు. మా సెగాలో ఆడే పరుగుల ఆట సోనిక్. మొదటి సోనిక్‌లో దాచుకునే వీలే లేదు, కూర్చుంటే ఒకేసారి ముగించాలి. చివరి స్టేజీ దాకా వెళ్ళాక ఫ్యాను ఆగిపోతే ప్రాణం ఉసూరుమనేది. 1994లో వచ్చిన సోనిక్ 3లో ఆట దాచుకోవచ్చు. దాని తర్వాత వచ్చిన సోనిక్ అండ్ నకుల్స్ క్యాసెట్టుకి పైన మూత తీస్తే ఇంకో గాడి ఉంటుంది. అందులో సోనిక్ 3ని గుచ్చితే రెండూ కలిసి ఒకే పెద్ద ఆటవుతుంది. మొదట ఒక్కటిగానే అనుకున్నారట, ఎక్కువైపోయి రెండు ముక్కలు చేశారు. క్యాసెట్టు మీద క్యాసెట్టు నిలబెట్టి ఆడటం చూసి అన్నయ్య సైతం చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అలాంటిది వాళ్ళ దగ్గర లేదు.

రెండు ఇళ్ళకీ ఉమ్మడి శత్రువు మాత్రం సముద్రపు గాలి. మల్కాపురంలో కిటికీ ఊచలే తుప్పు పట్టి రాలుతుంటే క్యాసెట్టు కింద ఇత్తడి రంగు గీతలు ఎంత? కొన్నాళ్ళు వాడకపోతే ఆ గీతల మీద మసక పొర పట్టేది, టీవీలో ఒట్టి నల్ల తెర. అందరూ నోటితో ఊదేవాళ్ళు. ఉమ్మి తడి తగిలి తుప్పు ఇంకా ఎక్కువవుతుందని పెదనాన్నగారు మమ్మల్ని ఊదనిచ్చేవారు కాదు. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా ఒకే వైపుకి రుద్ది, దూదికి స్పిరిట్ అద్ది తుడిచేవారు. షిప్పు ఇంజన్లని చూసుకునే మనిషి, అంత శ్రద్ధగానూ ఆ క్యాసెట్టునీ చూసుకునేవారు. తుడిచాక దూది నల్లగా అయ్యేది. ఆ రబ్బరు వాసనా స్పిరిట్ వాసనా కలిసి వచ్చిందంటే కాసేపట్లో ఆట మొదలవుతుందని అర్థం.

చాలా ఏళ్ళ తర్వాత కంప్యూటర్‌లో సోనిక్ మొదటి స్టేజీ ఎవరో ఆడుతుంటే విన్నాను. పాట ఏదో తొందరలో ఉన్నట్టు పరిగెడుతోంది. వెతికితే అసలు వేగం అదేనని తెలిసింది. జపాన్, అమెరికా మిషన్లు సెకనుకి 60 సార్లు తెరని గీస్తాయి. సింగపూర్ నుంచి వచ్చిన మా పాల్ మిషను 50 సార్లే గీస్తుంది. ఆ తేడాకి తగ్గట్టు ఆటని సరిచేయలేదు కాబట్టి సోనిక్ ఆరింట ఒక వంతు నెమ్మదిగా పరిగెత్తాడు, పాట కూడా అలాగే సాగింది. వేగమే ప్రాణమైన ఆటని మేం నెమ్మదిగా ఆడి, అది కూడా గెలిచేంత బాగుందని వాదించాం. అటు అన్నయ్యకి ఫైనల్ ఫాంటసీ 6, క్రోనో ట్రిగ్గర్ లాంటి కథ ఆటలు ఉన్నట్టు కూడా తెలియదు. సూపర్ ఫ్యామికామ్ గొప్పదనంలో సగం అలాంటి వాటిలోనే ఉంది. జపనీస్ రాని ఇంటికి అవి ఎవరు తెస్తారు? అంటే వాడు తన మిషనుకున్న సగం బలం చేతికి రాకుండానే మాతో పోటీపడ్డాడు. ఇది తెలిశాక అన్నయ్య మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

అంకెలు తీస్తే ఎవరి వాదన వాళ్ళకి దొరుకుతుంది. మెగా డ్రైవ్ ప్రాసెసర్ వేగం 7.6 మెగాహెర్ట్జ్, నింటెండోది 3.58. అయితే మాకు తెర మీద ఒకేసారి 64 రంగులు, వాళ్ళకి 256. అమ్మకాలు చూస్తే సూపర్ నింటెండో 4.91 కోట్లు, మెగా డ్రైవ్ సుమారు 3 కోట్లు. అన్నయ్య ఈ చివరి అంకెని ఫోనులో ఎన్నిసార్లు చెప్పాడో. ఎక్కువ అమ్ముడైతే ఎక్కువ మంచిదైపోతుందా అని నేను. నా మటుకు నాకు, ఒక్కరే కూర్చుని ఆడాలంటే జెల్డాని మించింది లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే సెగా. నేను ఇద్దరు పిల్లల ఇంట్లో పెరిగాను కాబట్టి సెగా.

తేలకుండా మిగిలింది అల్లాదీన్. 1993లోనే రెండు మిషన్లకీ వచ్చింది. పేరు ఒకటే, ఆటలు వేరు, చేసినవాళ్ళూ వేరు. మా దాన్ని వర్జిన్ కంపెనీ చేసింది, అందులో బొమ్మలు డిస్నీ యానిమేటర్లు గీసినవి. అల్లాదీన్ చేతిలో కత్తి ఉంటుంది. ఒంటె మూపు మీద దూకితే అది తుపుక్కున ఉమ్ముతుంది. కాపలావాడి నడుముకున్న పైజామా జారిపోయి, నిక్కరుతో సిగ్గుపడతాడు. అన్నయ్యది క్యాప్‌కామ్ కంపెనీ చేసింది. కత్తి లేదు, శత్రువుల తలల మీద దూకి, పిల్లిమొగ్గలేసి, గుడ్డ పట్టుకుని గాలిలో తేలి వెళ్ళాలి. దూకిన దూకుడు సరిగ్గా అనుకున్నచోటే పడుతుంది, అది నిజం. వాడు ఆ దూకుడు గురించే మాట్లాడేవాడు, నేను బొమ్మల గురించి మాట్లాడేదాన్ని. ఒకే రోజు రెండు ఇళ్ళల్లో ఆడి చూసినా ఎవరమూ తగ్గలేదు.

మొన్నామధ్య ఒక సంగతి చదివి వెంటనే అన్నయ్యకి పంపాను. క్యాప్‌కామ్ అల్లాదీన్‌ని రూపొందించిన షింజి మికామీ, ఆ తర్వాత రెసిడెంట్ ఈవిల్ అనే ఆట చేసినాయనే, ఒక ఇంటర్వ్యూలో సెగా ఆటలో యానిమేషన్ బాగుంటుందని, కత్తి కూడా ఉంది కాబట్టి తనైతే దాన్నే కొనుక్కునేవాణ్ణని చెప్పారు. వాళ్ళ పక్షం పెద్దమనిషే మా పక్షాన సాక్ష్యం చెప్పాడని రాశాను. అన్నయ్య ఫోను చేసి "చేసినవాడికి తన పనిలో లోపాలే కనపడతాయే, ఆడినవాడి మాట చెప్పు" అన్నాడు. తమ్ముణ్ణి లైన్లోకి తెచ్చాను. వాడు సెగా అన్నాడు. వాడి ఓటు చెల్లదన్నాడు అన్నయ్య.

సంక్రాంతికి అన్నయ్య వైజాగ్ వస్తున్నాడు. పెదనాన్నగారి పాత ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయట్లేదని కొత్తది తెప్పించాను. ఈసారి సోనిక్‌ని 60 హెర్ట్జ్ వేగంలో, జెల్డాని ఇంగ్లిష్‌లో, రెండు అల్లాదీన్‌లనీ ఒకే టీవీకి పెట్టి మొదటి నుంచీ ఆడతాం. ఫైనల్ ఫైట్ ఊసెత్తకూడదని వాడు ముందే మాట తీసుకున్నాడు. ఆరు బటన్ల రిమోట్ వెతికి కొన్నానని మాత్రం నేనింకా చెప్పలేదు.